గిన్నె మీద ఆశ్లేష

మా అత్తయ్యగారు నన్ను నేరుగా చూడటం లేదు, స్టీలు గిన్నెలో పోసిన నువ్వుల నూనెలోకి తొంగి చూస్తూ అందులో కనిపించే నా ముఖంతో మాట్లాడుతున్నారు, నేనేమో ఆవిడకి ఎదురుగానే, గల్లాపెట్టె ఇవతల, బిందె బేరమాడటానికి వచ్చినదానిలా నిలబడి ఉన్నాను. కొట్టు మాదే, తణుకులో మా ఇంటి కిందున్న స్టీలు సామాన్ల కొట్టే, కానీ అరలు పైకి పోయినకొద్దీ పైకప్పు కనపడదు, బిందెల మీద బిందెలు, క్యారియర్ల మీద క్యారియర్లు, ఆ పైన మూతలు, ఆ పైన చెంచాలు, అన్నీ ఎక్కడో ఎత్తున మసకలో మెరుస్తున్నాయి. ఆవిడ పోయారని నాకు తెలుసు. పోయినావిడ తన పాత కుర్చీలో, ఆకుపచ్చ నేత చీరలో, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చోవడం నాకేమీ వింతగా లేదు, నా బాధంతా ఆ నూనె గిన్నెతోనే.

"ఇటు చూడండి అత్తయ్యగారూ, నేనేం పసిపిల్లని కాదు," అంటాను.

"శాంతి అయ్యేదాకా చూడకూడదంట కదే," అంటారు, గిన్నెలోంచి చూపు తియ్యకుండానే.

నాకు ఒళ్ళు మండుతుంది. ఆశ్లేష నక్షత్రంలో పిల్ల పుడితే తండ్రి దాని ముఖం మొదట నూనెలోనే చూడాలట, నేరుగా చూస్తే దోషమట, అందుకని నా భర్త ఫణి, డిగ్రీ చదివినవాడు, రోజూ కొట్టులో పదిమందికి నచ్చజెప్పి సామాన్లు అమ్మేవాడు, కొట్టులోంచే ఒక కొత్త గిన్నె తీయించుకుని, మెడ వంచి, కళ్ళు చిట్లించి, నూనెలో తన కూతురి కోసం వెతుక్కున్నాడు. ఆ పిల్ల అతని వీపు వెనకే మా అమ్మ చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది, పచ్చి బాలింతని కాబట్టి నవ్వితే కుట్లు నొప్పెట్టాయి. ఇప్పుడు ఆ నూనెలో నేనున్నాను, నవ్వు రావడం లేదు.

"నూనె పారబొయ్యండి," అంటాను. "మీకూ నాకూ మధ్య ఒక లెక్క తేలాలి."

ఆవిడ వినిపించుకోనట్టు గిన్నెని కొంచెం పక్కకి తిప్పుతారు, దానితోపాటు కొట్టు కూడా పక్కకి తిరుగుతుంది, ఇప్పుడు మేము కొట్టులో లేము, పురిటి ఆసుపత్రిలో వార్డు బయట పొడుగాటి బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాము, అయినా గల్లాపెట్టె మా మోకాళ్ళకి తగులుతూనే ఉంది, లోపల్నుంచి మా అమ్మ గొంతు వినిపిస్తోంది. ఆ మాట నాకు కంఠస్థం. పిల్లని మొదటిసారి ఎత్తుకున్న సంబరంలో, పక్కన మా ఆడపడుచు నాగమణి వదిన ఉందన్న ధ్యాసే లేకుండా, "అచ్చం నీలాగే వచ్చిందే హేమా, నీ నక్షత్రమే, ఆశ్లేషే," అనేసింది మా అమ్మ. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్న మాట అది. ఆశ్లేషలో పుట్టిన కోడలు అత్తగండం అని ఊరంతా అంటుంది కాబట్టి, నాకు పెళ్ళి కాదేమోనన్న భయంతో, మా అమ్మ నేను పుట్టిన రోజే నా నక్షత్రాన్ని ఒక అడుగు వెనక్కి జరిపి పుష్యమి చేసింది, పుష్యమికి 'హే' అక్షరం నప్పుతుందని హేమలత అని పేరు పెట్టింది. అంటే నా పేరే ఒక దాపరికం, నన్ను ఎవరు పిలిచినా ముందు ఆ దాపరికం పలుకుతుంది. నాకు కూడా ఈ సంగతి తెలిసింది ఆ రోజే, ఆ పురిటి మంచం మీదే. చెప్పొద్దూ, కోపం తర్వాత వచ్చింది, ముందు మా అమ్మ మీద జాలేసింది.

నాగమణి వదిన తన చేతిలో ఉన్న పిల్ల బట్టలు నెమ్మదిగా మా అమ్మకి అందించి, బయటికి వెళ్ళి, ఈ బల్ల మీదే కూర్చుని ఏడ్చింది. అంతకు నాలుగు నెలల ముందే కదా వాళ్ళమ్మ పోయింది, ఇప్పుడు ఆ చావుకి ఒక కారణం దొరికింది. ఆ కారణం పేరు హేమలత. సాయంత్రానికల్లా ఆ మాట మా బజారు దాటింది, మర్నాటికి నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు ముందు నా ముఖంలోకి, తర్వాత పిల్ల ముఖంలోకి, తర్వాత నేల మీదకి చూడటం మొదలుపెట్టారు.

"అది పిచ్చిది, నా కూతురు," అంటారు అత్తయ్యగారు, బల్ల మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "నేనంటే ప్రాణం దానికి."

"నాకు మాత్రం కాదా?"

మేము కూర్చున్న బల్ల కదులుతోంది, కింద గచ్చు లేదు, గోస్తనీ కాలువ నీళ్ళున్నాయి, ఆ నీళ్ళ మీద మా కొట్టులోని గిన్నెలన్నీ బోర్లా తేలుతూ వస్తున్నాయి, ఆవిడ ఒంగి ఒక్కొక్కటే తీసి కొంగుతో తుడుస్తున్నారు, ఏదీ మునగదు, ఏదీ చప్పుడు చెయ్యదు. నేను ఇంక ఉండబట్టలేక మొదలుపెడతాను. ఆవిడకి గుండెలో నొప్పి వచ్చిన రోజు నుంచీ చెబుతాను, పెళ్ళిళ్ళ రోజులని కొట్టు వదలనన్నారు, గ్యాసన్నారు, వాము నమిలారు, నేను ఐదో నెల కడుపుతో మెట్లు దిగి వచ్చి ఆటో పిలిపించానా లేదా, దాన్ని తిప్పి పంపేసి ఎదురు కొట్టు నుంచి గోలీసోడా తెప్పించుకుని తాగారా లేదా, మర్నాడు ఇంకోటి తాగారా లేదా, అని అడుగుతాను. ఆవిడ తుడుస్తున్న గిన్నె తుడుస్తూనే ఉంటారు.

"మీరు సోడా తాగి చచ్చిపోయారండీ," అంటాను. "నింద నా నక్షత్రం మీద పడింది."

బతికి ఉండగా ఆవిడతో ఇలా మాట్లాడి ఎరగను. మాట అన్నాక భయం వేస్తుందేమో అనుకుంటాను, వెయ్యదు. ఆవిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "గ్యాసే అనుకున్నానే," అంటారు, చిన్నపిల్ల పలక పగలగొట్టి వచ్చి చెప్పినట్టు. "తేనుపొస్తే తగ్గిపోద్దనుకున్నాను."

నాకు ఏడుపొస్తుంది. ఏడుస్తూనే, వచ్చిన పని మర్చిపోకూడదని గట్టిగా అనుకుంటాను, కలలో పనులు ఎలా జారిపోతాయో నాకు తెలుసు. రేపు మా పిల్లకి మూడో నెల బారసాల. ఏటి సూతకం ఉందని ఇంటివాళ్ళ వరకే చేస్తున్నారు గానీ, ఈ ఇంటి ఆచారం మాత్రం మానలేదు. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ చిన్న చిన్న స్టీలు గిన్నెల మీద కొట్టించి, బారసాలకి వచ్చినవాళ్ళందరికీ తలా ఒకటి ఇస్తారు. బియ్యంలో రాసిన పేరు సాయంత్రానికి అన్నంలో కలిసిపోతుంది, స్టీలు మీద కొట్టిన పేరు పోదు, పదిళ్ళలో పది వంటగదుల్లో ఏళ్ళ తరబడి పెరుగు తోడు పెట్టుకుంటూ ఉంటుంది. ఆ గిన్నెలు ఈ పూటే కొట్టాలి. ఇంట్లోవాళ్ళు ఆద్య అనుకున్నారు. నక్షత్రం సంగతి ఇంక ఎత్తవద్దనీ, పిల్లది మఖ అని చెప్పుకుందామనీ, ఒక అడుగు ముందుకి జరిపితే ఎవరికీ నష్టం లేదనీ అనుకున్నారు. మా అమ్మ నన్ను వెనక్కి జరిపింది, వీళ్ళు నా కూతుర్ని ముందుకి జరుపుతున్నారు, మేమిద్దరం పుట్టిన చోట మాత్రం మమ్మల్ని ఉండనివ్వరు.

"నేను దానికి ఆశ్లేష అని పేరు పెడుతున్నాను," అని చెబుతాను అత్తయ్యగారితో.

ఆవిడ చేతిలో గిన్నె నీళ్ళలో పడుతుంది. కాలువ లేదు, మళ్ళీ కొట్టులోనే ఉన్నాం, గిన్నె గచ్చు మీద పడి గిర్రున తిరిగి తిరిగి ఆగుతుంది. నూనె గిన్నె మాత్రం గల్లాపెట్టె మీద తొణక్కుండా అలాగే ఉంది.

"అదేం పేరే? ఎవరైనా పెట్టుకుంటారా?"

ఆవిడ అడగడంలో తప్పులేదు, పేర్ల సంగతి ఆవిడకి తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే పేర్లు కొట్టే మిషను చేతబట్టి, కొన్న ప్రతి సామాను మీదా కొన్నవాళ్ళ పేరు తనే కొట్టేవారు. ఇప్పుడూ అరల వైపు చెయ్యి చూపించి చెప్పుకుపోతున్నారు, తను వచ్చిన కొత్తలో అన్నీ లక్ష్ములేనట, వెంకటలక్ష్మి, వరలక్ష్మి, ధనలక్ష్మి, బిందె మీద చోటు చాలేది కాదట, తర్వాత పద్మలూ సునీతలూ వచ్చారట, ఆ తర్వాత ఊరి మీదకి నక్షత్రాలు వచ్చిపడ్డాయట, రోహిణి, రేవతి, స్వాతి, అశ్విని, అనూరాధ, ఒక ఏడాదైతే కంచం తిప్పితే స్వాతి, గ్లాసు తిప్పితే స్వాతి, చెయ్యి దానంతటదే స్వాతి అని కొట్టేసేదట. ఆవిడ పేరు పలికినప్పుడల్లా పైన ఎక్కడో ఆ పేరున్న గిన్నె ఒకటి చిన్నగా మోగుతోంది. ఇప్పుడేమో ఆద్యలు, ఆరాధ్యలు, అన్వితలు. ఇన్నేళ్ళలో ఒక్క ఆశ్లేషని కూడా కొట్టలేదని, వినను కూడా లేదని అంటారు.

నిజమే, పై అరల్లో ఏదీ మోగలేదు. నేనూ ఫోనులో వెతికాను, పిల్లల పేర్లు చెప్పేచోట. అర్థం కౌగిలింత అని ఉంది. ఆకాశంలో చుట్ట చుట్టుకున్న పాములా కనిపించే చుక్కల గుంపు అని ఉంది. ఎంతమంది పెట్టుకుంటున్నారు అన్న దగ్గర 'చాలా అరుదు' అని ఉంది. స్వాతి ముత్యపుచుక్క, రోహిణి చంద్రుడి ముద్దుల భార్య, వాళ్ళని అందరూ ఇళ్ళలోకి పిలుచుకున్నారు, ఆశ్లేషని గుమ్మం బయటే నిలబెట్టారు. ఆ పేజీ చూస్తూ పిల్లకి పాలిస్తుంటే నాకు ఒకటే అనిపించింది, కౌగిలింత అని అర్థం ఉన్న మాటకి కూడా భయపడే మనుషుల్ని చూసి భయపడాల్సింది నేనేనని.

"పాము నక్షత్రం కదే," అంటారు అత్తయ్యగారు, గొంతు తగ్గించి.

"మీ కూతురి పేరేంటండీ?"

ఆవిడ నూనె గిన్నెని దగ్గరికి లాక్కుంటారు, నేనే చెబుతాను.

"నాగమణి. మీ అబ్బాయి పేరు? ఫణి. మీ మావగారు నాగేశ్వర్రావుగారు, మీ తోటికోడలు శేషమ్మగారు. ఇంటినిండా పాముల్ని పెట్టుకుని నా కూతురి దగ్గరికి వచ్చేసరికి మీకు భయమేసిందా?"

ఆవిడ పెదవి ఒక పక్కకి వంకర పోతుంది, నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు, బేరానికి వచ్చినవాళ్ళు మంచి మాట విసిరినప్పుడు అలాగే ఆపుకునేవారు, ఆపుకుని ధర మాత్రం తగ్గించేవారు కాదు. ఇప్పుడూ తగ్గించరు. పేరు విన్నవాళ్ళకి నక్షత్రం తెలిసిపోతుంది, నక్షత్రం తెలిస్తే దానికి పెళ్ళెలా అవుతుంది, ఏ అత్త చేసుకుంటుంది, అంటారు. మూడు నెలల పిల్ల అండీ, మెడ కూడా నిలబడలేదు, అంటాను నేను. ఆ రాబోయే అత్తగారెవరో ఇప్పుడు ఏ ఇంట్లో కూర్చుని కొడుకుకి ఎక్కాలు నేర్పుతోందో, మీకు అంత దిగులుగా ఉంటే వెళ్ళి ఆవిడ కలలో కనపడి, గుండెలో నొప్పొస్తే సోడా తాగవద్దని, డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి రండి, దాంతో గండం తీరిపోతుంది, అంటాను.

"నోరు బాగా లేచిందే నీకు."

"మీ కొట్టులోనే నేర్చుకున్నాను."

కొట్టులోకి ఎవరెవరో వస్తున్నారు, ముఖాలు లేవు, చేతుల్లో గిన్నెలున్నాయి, అందరూ వరసలో నిలబడి పేరు కోసం చూస్తున్నారు. నాకు తొందర పుడుతుంది. గల్లాపెట్టె పక్కన చెక్కపెట్టెలో ఉండే మిషను తీసి ఆవిడ ముందు పెడతాను, పెన్నులా సన్నగా, తీగ వేలాడుతూ ఉండే అదే మిషను, దాని పిడి ఆవిడ బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగిపోయి ఉంది.

"మీరు కొట్టండి," అంటాను. "మీ చేత్తో ఒక్క గిన్నె మీద కొట్టండి చాలు. వాళ్ళందరూ చూస్తారు. మిమ్మల్ని నేను చంపలేదని మీరే చెప్పినట్టుంటుంది."

అడిగేశాను. నేను వచ్చింది దీనికోసమే. ఆవిడ మిషను వైపు చూస్తారు, చెయ్యి చాపుతారు, మళ్ళీ వెనక్కి తీసుకుంటారు.

"నేను కొట్టను."

"ఎందుకండీ?"

"భయం."

"చచ్చిపోయాక కూడా భయమేంటండీ?"

"చచ్చిపోతే భయం పోద్దనుకున్నావా?" అంటారు, నిజంగానే నేను అలా అనుకున్నానేమోనని తెలుసుకోవాలన్నట్టు. తర్వాత, నూనెలో ఉన్న నాతో, చాలా నెమ్మదిగా, "నీ నక్షత్రం ముందే తెలిస్తే నిన్ను చేసుకునేదాన్ని కాదే హేమా," అంటారు.

వరసలో ఉన్నవాళ్ళు కదలరు. మా అమ్మ ఎంత సరిగ్గా లెక్కవేసుకుందో అప్పుడు నాకు అర్థమవుతుంది, మా అమ్మ అబద్ధం ఆడకపోయి ఉంటే నాకు ఈ కొట్టు లేదు, ఫణి లేడు, నా కూతురే లేదు. అదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా కోపం అంగుళం కూడా తగ్గదు.

"చేసుకున్నాక?" అని అడుగుతాను. "చేసుకున్నాక ఎప్పుడైనా అడ్డొచ్చానా?"

ఆవిడ బేరం పోనీ అనుకున్నప్పటిలా తల ఒక పక్కకి వాలుస్తారు.

"నువ్వొచ్చాక పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకునే పని తప్పింది నాకు," అంటారు. "నీకు టైఫాయిడ్ వస్తే పక్కనే పడుకున్నాను. నా తల్లో పేలు కూడా చూశావు. నక్షత్రం ఎప్పుడొచ్చింది మధ్యలోకి? నాకైతే కనపడలేదు."

"అయితే కొట్టండి."

"కొట్టను. నేను బతికున్నా కొట్టేదాన్ని కాదు. నా దగ్గర అబద్ధం లేదే."

నాకు ఆ క్షణం వరకూ తెలియదు, ఆవిడ ఒప్పుకుంటేనే ఆ పేరు నిలుస్తుందని నాలో ఏదో ఒక మూల నమ్మకం ఉందని. పోయినవాళ్ళని బతిమాలి సంతకం పెట్టించుకోవాలనుకున్నాను. ఆవిడ పెట్టనన్నారు, సరే, అయితే ఏమిటి? ఆవిడ ఒప్పుకోకపోయినా నా కూతురు ఆశ్లేషలోనే పుట్టింది, నేనూ అంతే, మా మీద ఆ చుక్కలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నేను మిషను చేతిలోకి తీసుకుంటాను. స్విచ్చి ఎక్కడుందో వెతకక్కర్లేదు, అదే మొదలైపోతుంది, గుర్రుమని చెయ్యంతా అదురుతుంది, వేళ్ళ నుంచి మోచేతి దాకా, భుజం దాకా. గచ్చు మీద పడిన గిన్నె తీసుకుని ఒళ్ళో పెట్టుకుని మొదటి అక్షరం కొడతాను. వంకరగా వస్తుంది. రెండోది ఇంకా వంకర. సూది జారి గిన్నె అంచు మీద గీత పడుతుంది. అయినా ఆపను, పళ్ళు బిగించి కొడుతూనే ఉంటాను, వరసలో ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు, వెయ్యనీ అనుకుంటాను.

"అలా కాదే."

తలెత్తుతాను. అత్తయ్యగారు నూనె గిన్నె పక్కకి నెట్టేశారు. కళ్ళజోడు పైనుంచి నన్ను, నన్నే, నేరుగా చూస్తున్నారు.

"చెయ్యి తిప్పకు. గిన్నె తిప్పు," అంటారు.

నేను గిన్నె తిప్పుతాను. సూది నిలబడుతుంది, అక్షరం గుండ్రంగా, ఆవిడ కొట్టినట్టే, వెనకే తిరుగుతూ వస్తుంది, మిషను అదురుకి చెయ్యి నాది కానట్టయిపోతోంది, ఆవిడ ఇంకేమీ అనరు, పేరు బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు, వరసలో ముందున్న చెయ్యి చాపిన గిన్నె అందుకుని, తుడిచి, నా పక్కన పెడతారు, తర్వాత ఇంకోటి, తర్వాత ఇంకోటి, పైన అరల్లో బిందెలు వెలిగిపోతున్నాయి, నేను కొడుతూనే ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. పిల్ల నా కుడిచేతి మీద తలపెట్టి నిద్రపోతోంది, ఎంతసేపటి నుంచో ఏమో, చెయ్యి పూర్తిగా తిమ్మిరెక్కిపోయింది. మెల్లగా లాగాను. నెత్తురు తిరిగి పాకుతుంటే వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా ఒకటే జుమ్మని అదురు, ఎంత విదిలించినా పోదు.

గుమ్మంలో నాగమణి వదిన నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఈ ఇంట్లో వాళ్ళమ్మ లేకుండా జరగబోయే మొదటి బారసాల కదా. పేర్లు కొట్టే సూరిబాబు వచ్చాడని, గిన్నెలన్నీ తుడిచి పెట్టుకుని కింద కూర్చున్నాడని చెప్పింది. "ఆద్య అని చెప్పెయ్యనా మరి?" అంది.

"వద్దు వదినా. ఆశ్లేష. నేను దిగి వస్తున్నాను, మొదటి గిన్నె నేనే కొడతాను."

ఆమె నన్నూ పిల్లనీ మార్చి మార్చి చూసింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అడిగింది, "అమ్మ ఉంటే ఒప్పుకునేదా హేమా?"

అవునని ఒక్క మాట అంటే ఆమె నమ్మేది. అంత తేలికైన అబద్ధం మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ వదులుకోలేదు.

"ఒప్పుకునేవారు కాదు వదినా," అన్నాను. పిల్లని ఎత్తి ఆమె చేతుల్లో పెట్టి, అదురుతున్న చేత్తోనే పక్కనున్న కమ్మీ పట్టుకుని, మెట్లు దిగాను.